వ్యవస్థ బయట ఖాళీలు లేవు

హైదరాబాద్‌లో ఈ మధ్య ఎవరిని కదిలించినా వ్యవస్థ బయటికి వెళ్లిపోతున్నామంటున్నారు. ఎక్కడికండీ అని అడిగితే మొయినాబాద్ అంటున్నారు. డబ్బు కాస్త తక్కువైనవాళ్లు షాద్‌నగర్ అంటున్నారు, ఇంకా తక్కువైనవాళ్లు జహీరాబాద్ దాకా పోతున్నారు. వ్యవస్థ బయట అనే చోటును గజాల్లెక్కన అమ్ముతారని, ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరయ్యే కొద్దీ స్వేచ్ఛ ఖరీదవుతుందని మన తాతలకు తెలియలేదు. పాపం, కాషాయం కట్టి కాశీకి నడిచిపోయారు. వాళ్ల కాలంలో బ్రోచర్లు లేవు.

మన స్వేచ్ఛాజీవిని చూడండి. నలభై దాటినవాడు. గచ్చిబౌలి అద్దాల మేడల్లో ఏళ్ల తరబడి అమెరికావాడి పగటికి తన రాత్రిని అరువిచ్చాడు. ఫ్లాటు కొన్నాడు, ఇంకో ఫ్లాటు కొన్నాడు. రెండో ఫ్లాటు అద్దె సక్రమంగా బ్యాంకులో పడడం మొదలైన నెలలో అతనికి జ్ఞానోదయమైంది. మనమంతా బానిసలమట. బడి, ఉద్యోగం, పన్ను, ఓటు, ఆసుపత్రి అన్నీ సంకెళ్లేనట. అందుకని రెండెకరాలు కొన్నాడు. చుట్టూ ఎనిమిదడుగుల ప్రహరీ కట్టి, గోడ మీద గాజుపెంకులు గుచ్చి, నాలుగు మూలలా సీసీ కెమెరాలు పెట్టాడు, స్వేచ్ఛ ఎక్కడికీ పారిపోకుండా. ఆవులు రెండు. ఒకటి గౌరి, ఒకటి నందిని. గోడ పక్క రేకుల గదిలో ఉండే కాపలా మనిషికి మాత్రం పేరు లేదు, ‘ఓయ్’ అంటే పలుకుతాడు. మనవాడు శనివారం పొద్దున వ్యవస్థ బయటికి వస్తాడు. ఆదివారం సాయంత్రం ట్రాఫిక్ పెరగకముందే లోపలికి వెళ్లిపోతాడు.

ఈ విముక్తికి ఖర్చెవరు భరిస్తున్నారో కాస్త చూద్దాం. బోరు మోటారు తిరిగేది ఉచిత కరెంటుతో. రైతుకు ఉచితం అన్నది 2004 నుంచీ ఉన్నదే, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది ఇరవై నాలుగు గంటలూ అయింది. మామిడికాయలు అమ్మితే వచ్చిన డబ్బు మీద ఆదాయపు పన్ను లేదు, వ్యవసాయ ఆదాయం గనుక. పైగా వానాకాలానికోసారి, యాసంగికోసారి రైతుబంధు. 2018 మేలో ఎకరాకు నాలుగు వేలతో మొదలై మరుసటి ఏడాదికి ఐదు వేలైంది. ఎన్ని ఎకరాలున్నా ఇచ్చారు, నాగలి ఎవరు పట్టారని అడగలేదు. ప్రభుత్వం మారి పథకం పేరు రైతు భరోసా అయ్యాక అది ఆరు వేలైంది. వ్యవస్థను వెలివేసినవాణ్ని వ్యవస్థ ఏడాదికి రెండుసార్లు వెతుక్కుంటూ వచ్చి, ఖాతాలో డబ్బు వేసి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. అతను తిప్పి పంపలేదు. తిరుగుబాటుకు కూడా నిర్వహణ ఖర్చులుంటాయి కదా.

ఆ పచ్చదనం సంగతి ఇంకా బాగుంటుంది. 1908లో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేశాక నిజాం ప్రభుత్వం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. వాటిలోకి నీళ్లు రావాలంటే చుట్టుపక్కల కాంక్రీటు పోయకూడదని 1996లో 111 జీవో వచ్చింది. పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. మొయినాబాద్ వైపు ఇవాళ నాలుగు చెట్లు, నాలుగు నెమళ్లు, ఫొటోకు పనికొచ్చే సూర్యాస్తమయం మిగిలాయంటే ఆ సర్కారు నిషేధం పుణ్యమే. అది లేకపోతే అక్కడ ఎప్పుడో ఇంకో కూకట్‌పల్లి మొలిచేది. మనవాడు ఒక చేత్తో ఆ నెమళ్లకు గింజలు చల్లుతాడు, రెండో చేత్తో 111 జీవో వ్యక్తి స్వేచ్ఛకు గొడ్డలిపెట్టు అని టైపు చేస్తాడు. తన గెస్ట్‌హౌస్ మీద ఇంకో అంతస్తు వేసుకోనివ్వడం లేదని అతని బాధ.

అతనికి వికారాబాద్ వైపు ఇంకో ఐదెకరాలున్నాయి. అది స్వేచ్ఛ కోసం కొన్నది కాదు, పెట్టుబడి. కౌలుకిచ్చాడు. కౌలుదారు సీజనుకోసారి వచ్చి గేటు బయట చెప్పులు విడిచి నిలబడతాడు.

“సారూ, పైసలు పడ్డయా?”

“ఏం పైసలు?”

“గదే సారూ, భరోసా పైసలు. యూరియాకు ఇబ్బందైతుంది. సగమన్న ఇస్తే...”

“చూడు, నేనసలు ప్రభుత్వ పథకాలకే వ్యతిరేకం. మనిషన్నవాడు తన కాళ్ల మీద తాను నిలబడాలి.”

“నిలబడ్డనే ఉన్న సారూ, పొద్దుగాలకెళ్లి.”

మనం అడ్రసు కోసం తిరుగుతున్న మనిషి ఇతనే. వ్యవస్థ బయట నిజంగా కాపురముంటున్నవాడు. రైతుబంధు పట్టాదారుకు, ఇతనికి కాదు; అది పొరపాటున జరిగింది కాదు, కౌలుదారులకు ఇవ్వబోమని అప్పటి ప్రభుత్వం బాహాటంగానే చెప్పింది. రైతుబీమా కూడా అంతే. 2018 ఆగస్టు నుంచి రైతు చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు ఇస్తున్నారు, కానీ చచ్చేముందు పాసుపుస్తకం ఉండాలి. పాత పహాణీలో అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది. భూమి ఎవరిదైనా దున్నుతున్నదెవరో అందులో రాసేవారు. 2020లో ధరణి వచ్చాక ఆ కాలమ్ ఎగిరిపోయింది. దాంతో కొన్ని లక్షల మంది చేతిలో నాగలి ఉండగానే కాగితం మీద మాయమైపోయారు. 2011లో ఉమ్మడి రాష్ట్రం సాగుదారులకు కార్డులిచ్చి అప్పులిప్పిద్దామని ఒక చట్టం చేసింది, తెలంగాణలో అది అటకెక్కింది. ఆంధ్రాలో 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు ఇస్తారు, కాకపోతే భూయజమాని సంతకం పెట్టాలి. పెడితే ఎక్కడ హక్కు పుట్టుకొస్తుందోనని యజమాని పెన్ను పోగొట్టుకుంటాడు. బ్యాంకు అప్పు లేదు, పంట నష్టం వస్తే పరిహారం లేదు, కొనుగోలు కేంద్రానికి వడ్లు తీసుకెళ్తే అక్కడా యజమాని పేరే చెప్పాలి. ప్రభుత్వం ఊసే లేని బతుకు. పుస్తకాల్లో దీన్ని స్వేచ్ఛావాదమంటారు. ఊళ్లో దీన్ని అప్పులపాలు కావడం అంటారు.

ఈ ముక్క నేను ఒక విందులో అన్నాను. స్వేచ్ఛాజీవి పళ్లెం కింద పెట్టి, నన్ను పైనుంచి కింది దాకా చూసి, ‘ఓహో, మీరు వాళ్లా’ అన్నాడు. అంటే కమ్యూనిస్టునట. అదే మాట ఒక కామ్రేడ్‌తో అంటే ఉచిత పథకాల మోజులో పడిన లిబరల్‌నన్నాడు. మూడో ఆయన నా ఇంటిపేరు అడిగి, జిల్లా అడిగి, కాసేపు మనసులో కూడికలు వేసుకుని, ‘అదీ సంగతి’ అని తృప్తిగా తల ఊపాడు. ముగ్గురిలో ఒక్కడు కూడా కౌలుదారుకు బీమా ఉందా లేదా అని అడగలేదు. మాట నిజమా కాదా అన్నది తర్వాత. ముందు అది ఏ గూటి పక్షి కూత అన్నది తేలాలి. తేలాక ఇంక వినక్కర్లేదు. లేబుల్‌తో లాభం అదే, చెవులకు విశ్రాంతి.

మనుషులకే కాదు, గోడలకు కూడా మన దగ్గర పార్టీ ఉండాలి. ఆంధ్రాలో 2019 తర్వాత పంచాయతీ ఆఫీసులకు అధికార పార్టీ రంగులు పూశారు. హైకోర్టు తీసేయమంది. ప్రభుత్వం తీయలేదు, ఉన్న మూడింటికి మట్టి రంగు ఒకటి చేర్చింది. చేర్చి, ఆకుపచ్చ పంటలకు, నీలం నీళ్లకు, తెలుపు పాలకు గుర్తులని ఒక జీవోలో వ్యాఖ్యానం రాసింది. మన గవర్నమెంటులో కవిత్వం ఇంకా బతికే ఉందనడానికి అదొక దాఖలా. కోర్టుకు కవిత్వం ఎక్కలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2020 జూన్‌లో అక్కడా ఓడాక గోడలు కడిగారు. అంతకుముందు ప్రభుత్వంలో అన్న క్యాంటీన్లలో పేదవాడి ఇడ్లీ కూడా పార్టీ పసుపు గోడల మధ్యే తినాల్సి వచ్చింది. అది ఆకలి రంగు అని ఎవరూ జీవో ఇవ్వలేదు, ఆ మాత్రం నయం. జనన మరణాలు నమోదు చేసే గోడకే పార్టీ ఉన్నప్పుడు, దాని ముందు క్యూలో నిలబడ్డవాడు నాకే పార్టీ లేదంటే ఎవరు నమ్ముతారు?

తమాషా ఏమిటంటే లేబుల్ తయారుచేసేవాళ్లకు మాత్రం అది అంటుకోదు. వాళ్లది కండువా. పొద్దున కప్పుకుని రాత్రికి మడతపెట్టొచ్చు. 2014 తర్వాత వైసీపీ ఎమ్మెల్యేలు 23 మంది టీడీపీలోకి వెళ్లారు. 2019లో టీడీపీకి సరిగ్గా 23 సీట్లు వచ్చాయి; దేవుడికి లెక్కలు వచ్చని ఆంధ్రులు నమ్మిన రోజది. తెలంగాణలో 2019 జూన్‌లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు పన్నెండు మంది గులాబీలో విలీనమయ్యారు. 2023 తర్వాత పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు నడిచారు. వాళ్ల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జూలైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఫిరాయింపుల చట్టం 1985లోనే వచ్చింది. పార్టీ మారడమనే వ్యక్తి స్వేచ్ఛ ఈ దేశంలో ఎవరికైనా నిండుగా ఉందంటే అది ఆ చట్టం ఎవరి కోసం చేశారో వాళ్లకే. వాళ్ల కోసం ఊరి పొలిమేరలో తలలు పగలగొట్టుకున్న కార్యకర్తకు లేదు. ఎమ్మెల్యే రంగు మార్చిన మర్నాడు కూడా పక్కింటివాడితో అతనికి మాటల్లేవు, పెళ్లి పిలుపుల్లేవు.

కొన్ని లేబుళ్లు కడిగినా పోవు. దేశాన్ని ముక్కలు చేసే ముఠా, తుక్డే తుక్డే గ్యాంగ్, అని టీవీల్లో ఏళ్ల తరబడి ఒకటి ఊరేగింది. ఆ ముఠా గురించి తమ దగ్గర సమాచారమేదీ లేదని 2020 జనవరిలో సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్ర హోం శాఖే జవాబిచ్చింది. ఊరేగింపు మాత్రం ఆగలేదు. అమలాపురం నుంచి వెళ్లి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన జి.ఎన్. సాయిబాబాను మావోయిస్టు అంటూ 2014 మేలో అరెస్టు చేశారు. తొంభై శాతం వైకల్యం, చక్రాల కుర్చీ. బొంబాయి హైకోర్టు 2022లో ఆయన మీద కేసు కొట్టేసి విడుదల చేయమంది. సుప్రీంకోర్టు మళ్లీ విచారించమంటే 2024 మార్చి 5న ఈసారి నిర్దోషి అంది. అదే ఏడాది అక్టోబర్ 12న నిమ్స్‌లో ఆయన చనిపోయారు. కోర్టు రెండుసార్లు విడుదల చేయమన్నా వినపడనివాళ్లు ఆ రోజు కూడా పాత పేరుతోనే పిలిచారు. ఈ పేరాలో నవ్వులాట ఏమీ లేదు, ముందుకు పోదాం.

ఏ లేబులూ వద్దనుకునేవాడికి కూడా వ్యవస్థ ఒక బటన్ ఇచ్చింది. 2013 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెబితే ఎన్నికల సంఘం ఓటింగ్ యంత్రంలో అందరికంటే కింద నోటా పెట్టింది. దానికి కొన్నాళ్లకు గుర్తు కూడా వచ్చింది: బ్యాలెట్ కాగితం, దాని మీద నల్ల ఇంటూ. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ గీసిపెట్టింది. ఎవరూ వద్దు అన్న కోపాన్ని కళాత్మకంగా గీయించి, క్రమసంఖ్య వేసి, బీప్ శబ్దం కూడా ఇచ్చారు. 2024లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి ఆఖరి నిమిషంలో నామినేషన్ వెనక్కి తీసుకుని బీజేపీలో చేరిపోతే 2,18,674 మంది నోటా నొక్కారు. దేశంలోనే అది రికార్డు. గెలిచినాయన మెజారిటీ 11 లక్షలు దాటింది, అదీ రికార్డే. నోటాకు ఎన్ని ఓట్లు పడ్డా ఫలితం మారదు, నోటాయే ముందున్నా రెండో స్థానంలో ఉన్న మనిషే గెలిచినట్టు. రెండు లక్షల మంది బయటికి నడిచి వెళ్లారు. లెక్కపెట్టి, రిజిస్టర్లో రాసి, తలుపు వేసుకున్నారు.

కులం సంగతి దీనికంటే మెలికలు. మాకు కులం లేదు అనే మాట మన స్వేచ్ఛాజీవి నోట తరచూ వస్తుంది. నిజమే, అతనికి కులంతో పని లేదు. ఇంటిపేరు ఆ పని చూసుకుంటోంది. చెల్లెలి పెళ్లి ప్రకటనలో ‘కులం పట్టింపు లేదు’ అని వేయించాడు, పక్కనే శాఖ పేరు కూడా. ఇలాంటివాళ్ల మధ్య నిజాయితీగా వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల అవస్థ చూడాలి. తమ పిల్లవాడి జనన ధ్రువపత్రంలో కులం మతం రాయబోమన్న దంపతులు హైకోర్టుకెక్కాల్సి వచ్చింది. దరఖాస్తులో కులం లేదు, మతం లేదు అనే కాలమ్ పెట్టండని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. వాళ్లకు నా దండం. కానీ గమనించండి, కులం లేకపోవడానికి కూడా కాలమ్ కావాల్సి వచ్చింది. ఒక కాలమ్ కోసం ఒకరు కోర్టు మెట్లెక్కుతుంటే, ఒక కాలమ్ ఎగిరిపోయి ఇంకొకరు మాయమయ్యారు.

కులం మతం దాటి పెళ్లి చేసుకుందామన్నా అంతే. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దాని కింద పెళ్లాడాలంటే ముందు నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. ముప్పై రోజులు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఇంట్లో చెప్పకుండా పారిపోయి వచ్చిన జంట వివరాలను ప్రభుత్వం గోడకు అంటించి, ఎవరికైనా అభ్యంతరమా అని ఊరంతటినీ అడుగుతుంది. కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు 2018లో మిర్యాలగూడలో ఒక యువకుణ్ని చంపించిన రాష్ట్రంలో ఆ ముప్పై రోజులు ఎలా గడుస్తాయో ఊహించుకోవచ్చు. మేనరికం పెళ్లికి ఏ గోడ మీదా నోటీసు అంటించరు.

ఇంతకీ మన గడ్డ మీద వ్యవస్థ బయట బతికిన మనుషులు లేరా? ఉన్నారు. బ్రోచర్లు చూడకుండానే బతికారు. ఎరుకలవాళ్లు సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు, మెట్ట ప్రాంతాల నుంచి ధాన్యం ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని ఊళ్లకు ఊళ్లు తిరిగి అమ్మేవారు. పట్టా లేదు, ప్రహరీ లేదు, యజమాని లేడు. కంపెనీ సర్కారు, దాని వెనక రాణిగారి సర్కారు ఉప్పు మీద పెత్తనం బిగించాయి, రైలు వచ్చి సరుకు మోసుకుపోయింది, కరువులొచ్చాయి. వ్యాపారం చచ్చింది. పని లేకుండా తిరిగేవాణ్ని, పన్ను పుస్తకంలో దొరకనివాణ్ని ఏమనాలి? 1871లో తెల్లదొరలు దానికొక చట్టం చేశారు: నేరస్త తెగల చట్టం. 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దొంగతనం చేస్తే దొంగ కాదు, ఫలానా తల్లికి పుడితే దొంగ. పెద్దవాళ్లు పోలీసులకు హాజరు చెప్పుకోవాలి, పొలిమేర దాటాలంటే చీటీ తీసుకోవాలి.

అలా బాపట్ల దగ్గర ఇసుక నేలలో 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి ఒక ఊరు కట్టారు. మద్రాసు గవర్నర్ కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. స్టువర్టుపురం. దిద్దడానికట. దిద్దుబాటు ఎలా జరిగిందంటే, చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు కావాల్సి వచ్చారు, ఇక్కడ పారిపోవడానికి వీల్లేని కూలీలు సిద్ధంగా ఉన్నారు. లేబుల్ వేసింది సర్కారు, ఆత్మను కడిగింది మిషనరీలు, పొగాకు ఈనెలు తీయించుకుంది కంపెనీ. స్వేచ్ఛగా తిరిగినందుకు ఇంతకంటే సర్వాంగ సుందరమైన శిక్ష నేనెక్కడా చదవలేదు. 1952లో దేశమంతటా చట్టం రద్దయింది. ఆ వెంటనే అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చి కూర్చున్నాయి, పోలీసు రిజిస్టరుకు అట్ట మార్చారన్నమాట. సినిమావాళ్లు మాత్రం పాత అట్టనే ఇష్టపడ్డారు. 1991లో ఆ ఊరి పేరుతో పోలీస్ స్టేషన్ సినిమా వచ్చింది, 2023లో ఆ ఊరి దొంగను పులిని చేసి పాన్ ఇండియాగా వదిలారు. ఆ ఊరి నుంచి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే పిల్లవాడికి పాన్ ఇండియా గుర్తింపు ముందే వచ్చేసింది.

ఆ ఊరికి 1970ల్లో వెళ్లి ఇల్లిల్లూ తిరిగి పని చేసినవాళ్లు హేమలత, లవణం. ఆమె కవి జాషువా కూతురు, ఆయన గోరా కొడుకు. ఇక్కడ గోరా గురించి చెప్పకపోతే నేను మొయినాబాద్ బ్యాచికి అన్యాయం చేసినవాణ్నవుతాను, ఎందుకంటే వాళ్లు కొన్నామనుకుంటున్న సరుకు అసలు ధర ఆయన రసీదుల్లో ఉంది. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రం చెప్పే మాస్టారు. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ కాలేజీ ఉద్యోగం పోయింది. తర్వాత బందరు కాలేజీలోనూ అదే కథ. జీతం వదిలి 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో బెజవాడ పటమటకు మార్చారు. ఉప్పు సత్యాగ్రహం నాడు పుట్టిన కొడుక్కి లవణం అని, యుద్ధం మొదలైన ఏడు పుట్టినవాడికి సమరం అని పేర్లు పెట్టారు. ఆ పేర్ల వెనక కులం వెతకబోయినవాడికి చరిత్ర పాఠం ఎదురొచ్చేది. కూతురికి అంటరానివాళ్లన్న కులంలోని యువకుడితో పెళ్లి చేశారు.

ఆయన పార్టీలే వద్దన్నారు. పార్టీరహిత ప్రజాస్వామ్యం కావాలని 1952 ఎన్నికల్లో నిలబడి ఓడారు. 1961–62లో సేవాగ్రాం నుంచి ఢిల్లీకి నడిచి వెళ్లి, మంత్రులు సేవకుల్లా బతకాలని అడిగారు. మంత్రులు వినలేదు, వేరే చెప్పాలా. పార్టీల్లేని ప్రజాస్వామ్యం ఎలా నడుస్తుందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. విప్ లేని శాసనసభలో బడ్జెట్ ఎలా గట్టెక్కుతుందని ఆయన్ను అడగాలనిపిస్తుంది. కానీ ఒకటుంది. ఆయన లేబుల్ వద్దని దాక్కోలేదు, అన్నింటికంటే ఖరీదైన లేబుల్ ఏదో చూసి తనే నుదుటికి అంటించుకున్నారు. బయటికి వెళ్లేటప్పుడు జీతం లోపలే వదిలి వెళ్లారు. మన స్వేచ్ఛాజీవి గోరాను చదివాడు. పార్టీలు వద్దన్నది అండర్‌లైన్ చేసుకున్నాడు, జీతం దగ్గర పేజీ తిప్పాడు.

అందుచేత ఇరు ప్రభుత్వాలకూ నాదొక మనవి. ఇంతమంది బయటికి పోతామంటున్నారు గనుక దీన్ని ఊరికే వదలకండి, మీసేవలో పెట్టండి. వ్యవస్థ బహిర్నివాస ధ్రువపత్రం. దరఖాస్తుతో పాటు పట్టాదారు పాసుపుస్తకం ఒరిజినల్ అప్పగించాలి. ఇంతవరకు తీసుకున్న రైతుబంధు వడ్డీతో కట్టాలి, బోరుకు మీటరు పెట్టించుకోవాలి. దొంగలు పడితే నూటికి ఫోన్ చేయనని, పాము కరిస్తే ఉస్మానియాకు రానని, పక్కవాడు గట్టు జరిపితే కోర్టుకు పోనని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసివ్వాలి. గౌరి, నందిని ఇద్దరి చెవి ట్యాగులూ పశుసంవర్ధక శాఖకు వాపసు చేయాలి. ఆధార్ జిరాక్స్ స్వచ్ఛందం, కానీ లేకపోతే దరఖాస్తు తీసుకోరు. 2018లో సుప్రీంకోర్టు ఏ ఏ పనులకు అక్కర్లేదందో ఆ పనులన్నింటికీ ఇప్పుడూ అంతేగా. ఫారం చదివి మనవాడు రెండు సందేహాలు అడుగుతాడని నాకు తెలుసు: ఇది ఎన్నారైలకు వర్తిస్తుందా, వారాంతాలకు మాత్రమే తీసుకునే వీలుందా.

ఆ కౌంటరు దగ్గరికి ఒకరోజు మన కౌలుదారు కూడా వస్తాడు. పెద్దసారు తీసుకుంటుండంటే ఏదో మంచిదే అయ్యుంటదని వస్తాడు. ఆపరేటరు పేరడిగి, ఊరడిగి, కీబోర్డు టకటకలాడించి, స్క్రీను మీంచి తల ఎత్తకుండానే చెప్తాడు.

“నీ పేరు సిస్టమ్‌ల లేదు.”

“మరి నాకు సర్టిఫికెట్ రాదా సారూ?”

“ఎట్లొస్తది? బయటికి పోనీకి అప్లై చెయ్యాలంటే ముందుగాల్ల లోపలుండాలె. జరుగు, వెనక లైనుంది.”